ఆకాశం బాగుంటుందని పంపారు

డాలస్‌లో ఫిబ్రవరిని నమ్మడానికి లేదు. పొద్దున ఫ్యాను, సాయంత్రం స్వెట్టరు. అమ్మాయి వాళ్లింటికి వచ్చి మూడు నెలలు కావస్తోంది. ఈలోగా చూపించాల్సినవన్నీ చూపించేశారు. కెన్నెడీని కాల్చిన వీధి, ఫోర్ట్‌వర్త్‌లో బారెడు కొమ్ముల ఎద్దుల ఊరేగింపు, ఇర్వింగ్‌లో గాంధీ విగ్రహం, లెక్కలేనన్ని గుళ్లు. "ఇంకేమైనా చూడాలనుందా మామయ్యా?" అని అల్లుడు మర్యాదకి అడిగాడు. టెరెల్ అన్నాను.

టెరెల్ అంటే అతనికి హైవే పక్కన పెట్రోలు పోయించుకునే ఊరు. బకీస్ అని ఊరంత పెట్రోలు బంకు ఉందక్కడ.

"అక్కడేముంది?"

"శ్మశానం."

అమ్మాయి వంటింట్లోంచి తొంగి చూసింది. వయసు మీద పడ్డాక నాన్నకి ఇలాంటి కోరికలు మొదలయ్యాయేమో అన్నట్టు.

నేను ముప్పై ఏళ్లుగా అల్వాల్‌లో ఉంటున్నవాణ్ణి. హకీంపేట నుంచి లేచే కిరణ్ విమానాలు మా డాబా మీదుగా తిరుగుతుంటాయి. ఆ రొద చెవికి మిక్సీ చప్పుడులా అలవాటైపోయింది. పైన ఉన్నది అప్పుడే నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడని ఎవరికి గుర్తుంటుంది? 2023 డిసెంబరు 4న దుండిగల్ అకాడెమీ నుంచి లేచిన పిలాటస్ విమానం తూప్రాన్ దగ్గర కూలిపోయింది. నేర్పే ఆయన, నేర్చుకునే కుర్రాడు, ఇద్దరూ పోయారు. ఆ తరవాత కొన్నాళ్లు విమానం వినపడితే తలెత్తి చూసేవాణ్ణి. పాత సంగతులు వెతికి చదవడం కూడా అప్పుడే మొదలైంది. అలా తగిలింది టెరెల్ పేరు.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. మబ్బు బాగా కిందికి దిగి ఉంది. వాన లేదు, తడి మాత్రం ఉంది. డాలస్ ఎత్తు మేడలకి పై అంతస్తులు లేవు. అద్దం మీద వైపరు అప్పుడప్పుడు ఒకసారి అటూ ఇటూ ఊగి ఆగిపోతోంది.

టెరెల్‌లో ఆ శ్మశానం పేరు ఓక్‌లాండ్ మెమోరియల్ పార్కు. ఊరివాళ్ల సమాధుల మధ్య, వాటిలో కలవకుండా, బ్రిటిష్ వైమానిక దళం కుర్రాళ్లవి 20 సమాధులున్నాయి. ఒక రాయి ముందు కూర్చున్నాను. రెక్కలు విప్పిన పక్షి గుర్తు, దాని కింద నంబరు, పేరు, తేదీ. చెక్కిన అక్షరాల సందుల్లో నల్లటి మట్టి దిగి ఉంది. వేలితో తీసి చూస్తే జిగురు. లేచి నాలుగడుగులు వేసేసరికి చెప్పుల కింద మరో చెప్పు తయారైంది. మా నాన్న పత్తి చేలో ఇదే మట్టిని కర్రతో గీకేవాడు. అచ్చంగా మన నల్లరేగడి. ఈ నేలని ఇక్కడివాళ్లు బ్లాక్‌లాండ్ అంటారట. టెరెల్ కూడా ఒకప్పుడు పత్తి ఊరే. ఇంగ్లండులో పుట్టిన పిల్లలు మా నాన్న చేను లాంటి మట్టిలో పడుకుని ఉన్నారు. బ్రిటన్ అప్పట్లో తన సైనికుల శవాలని ఇంటికి చేర్చేది కాదు. ఎక్కడ పోతే అక్కడే.

అల్లుడు ఒక్కో రాయి దగ్గరా ఆగి తేదీలు చదువుతున్నాడు. "యుద్ధం జరిగింది యూరప్‌లో కదా మామయ్యా, వీళ్లిక్కడ ఎలా చచ్చిపోయారు?" అన్నాడు. పదేళ్లుగా ఈ ఊరి పక్కనుంచే తిరుగుతున్న మనిషి.

విమానాశ్రయం పక్కన చిన్న మ్యూజియం ఉంది. ఒకటో నంబరు బ్రిటిష్ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు అక్కడే నడిచింది. ఫొటోలు, టోపీలు, ఎగిరిన గంటలు రాసుకున్న పుస్తకాలు. ఒక ఫొటోలో కుర్రాళ్లంతా చొక్కాలు లేకుండా ఎండలో కూర్చుని నవ్వుతున్నారు. అంత ఎండ వాళ్లు జన్మలో చూసి ఉండరు. అల్లుడి ప్రశ్నకి జవాబు ఆ ఫొటోలోనే ఉంది.

1940, 41 నాటికి బ్రిటన్‌లో విమానం నేర్పడానికి చోటు లేదు. చిన్న దీవి, సగం రోజులు మంచూ వానా, రాత్రయితే ఊళ్లన్నీ చీకటి. పైగా శిక్షణ విమానం దిగుతుంటే వెంటపడి కాల్చే జర్మన్ విమానాలు. అందుకని ఎగరడం నేర్చుకునే పిల్లల్ని సముద్రాలు దాటించి పంపారు. కెనడా, దక్షిణాఫ్రికా, రొడీషియా. ఎక్కడ ఆకాశం బాగుంటే అక్కడికి. 1941 మార్చిలో బ్రిటన్ లాంటి దేశాలకి సాయం చేసే లెండ్-లీజ్ చట్టం వచ్చాక అమెరికా కూడా ఈ జాబితాలో చేరింది. బడులు పెట్టి నడిపింది అమెరికన్ ప్రైవేటు కాంట్రాక్టర్లు, నేర్పింది అమెరికన్ మాస్టర్లు, నేర్చుకున్నది బ్రిటిష్ కుర్రాళ్లు. టెరెల్ బడి మొదట డాలస్ లవ్ ఫీల్డులో మొదలై, ఆ ఆగస్టులో ఇక్కడికి మారింది. 1945లో మూతపడే దాకా 2 వేల పైచిలుకు బ్రిటిష్ కుర్రాళ్లు ఇక్కడ నేర్చుకున్నారు.

మొదట వచ్చిన జట్లది తమాషా. అమెరికా అప్పటికింకా యుద్ధంలో దిగలేదు. విదేశీ సైనికులు యూనిఫారంలో దేశంలో అడుగుపెట్టడానికి వీల్లేదు. అందుకని కెనడాలో వాళ్లకి మామూలు సూట్లు తొడిగి రైలెక్కించారు. గుంపులుగా కుర్రాళ్లు, ఒకే రకం సూట్లు, ఒకే రకం క్రాపు. ఎవరిని మభ్యపెట్టడానికో మరి! టెరెల్ జనం మాత్రం వాళ్లని ఆదివారం భోజనాలకి పిలిచి నెత్తిన పెట్టుకున్నారు.

నేర్పే వరస ఇదీ. ముందు స్టియర్‌మన్ అనే రెండు రెక్కల వరసల విమానం. అది తెలియనివాడి చేతిలో కూడా కొంత ఓర్చుకుంటుంది. చివర్లో ఏటీ-6. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చునే విమానం, దాదాపు 600 గుర్రాల ఇంజను. లేచేటప్పుడు దాని పంకా కొసలు ధ్వని వేగాన్ని అందుకుంటాయి. అందుకే గుడ్డ చింపినట్టు చెవులు చిల్లులు పడే రొద. అమెరికన్లు దాన్ని టెక్సన్ అన్నారు. ఇక్కడికి దగ్గర్లోని గ్రాండ్ ప్రెయరీలోనే వేల విమానాలు తయారయ్యాయి. బ్రిటిష్‌వాళ్లు హార్వర్డ్ అన్నారు. మన వైమానిక దళం పిల్లలు కూడా స్వాతంత్ర్యం వచ్చాక ఏళ్ల తరబడి ఆ హార్వర్డ్ మీదే నేర్చుకున్నారు.

మ్యూజియంలోంచి బయటికొచ్చాక అల్లుడితో అసలు సంగతి చెప్పాను. ఈ 20 మందిలో నలుగురు పోయింది టెరెల్‌లో కాదు, ఓక్లహోమాలో, మోయర్స్ అనే పల్లె దగ్గర. అక్కడికి కూడా వెళ్దామా అన్నాను. అతను ఫోన్‌లో దూరం చూసి, నా మొహం చూసి, "పులిహోర ఉంది కదా, పదండి" అన్నాడు. అమ్మాయికి మాత్రం చెప్పలేదు.

నిజానికి దారంతా ముందే లెక్క కట్టుకున్నాను. మనవడి స్కేలు తీసుకుని అట్లాస్ మీద టెరెల్ నుంచి మయామా దాకా గీత గీశాను. ఫ్లోరిడా మయామీ అక్షరాలే, ఓక్లహోమాలో మయామా అంటారు. అక్కడ మూడో నంబరు బ్రిటిష్ స్కూలు ఉండేది. ఒక బడి నుంచి ఇంకో బడికి, దారి తెలుసుకుంటూ ఎగరడమే ఆ రోజు పాఠం. గీత పొడవు సుమారు 300 మైళ్లు. ఆ గీత సరిగ్గా మోయర్స్ పక్కనుంచే పోతుంది. అంటే వాళ్లు దారి తప్పలేదు. ఈ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. తప్పిపోయి కొండకి తగిలితే ఒక రకం. ఉండాల్సిన గీత మీదే ఉండి తగలడం ఇంకో రకం.

గ్రీన్‌విల్, పారిస్ ఊళ్ల మీదుగా ఉత్తరానికి పోయాం. టెక్సస్ పారిస్‌లో కూడా ఓ బుల్లి ఐఫిల్ టవరుంది. దాని నెత్తిన ఎర్ర కౌబాయ్ టోపీ పెట్టారు. మబ్బులో టోపీ అంచులు మసకబారి ఉన్నాయి. అంత వరకూ, ఇంకా ఆ పైన రెడ్ రివర్ దాకా, నేల పళ్లెంలా ఉంది. అక్కడక్కడా చిన్న మిట్టలు. కంటికి ఏదీ అడ్డం రాదు, నీళ్ల ట్యాంకులు తప్ప.

ఆరు నెలలు ఆ పళ్లెం మీద ఎగరడం నేర్చుకున్న కుర్రాడు ఏమనుకుంటాడు? మబ్బు దిగితే ఇంకాస్త కిందికి దిగి ఎగరొచ్చనుకుంటాడు. ఇక్కడ ఆ అలవాటు వల్ల ఏ హానీ లేదు. కింద పత్తి చేలు, రైలు పట్టాలు, నీళ్ల ట్యాంకు మీద ఊరి పేరు. ఇదంతా నా ఊహే. కానీ కారులో ఆ దారెంట పోతుంటే ఇంకోలా ఆలోచించడం నా వల్ల కాలేదు.

1943 ఫిబ్రవరి 20. ఏటీ-6 విమానాలు కొన్ని టెరెల్ నుంచి లేచాయి. ఒక్కో దాంట్లో ఇద్దరేసి కుర్రాళ్లు, మాస్టరు లేడు. ఒకడు నడపాలి, ఒకడు దారి చూడాలి. చేతిలో ఉన్నవి దిక్సూచి, గడియారం, మోకాలి మీద పటం. ఈ దిక్కుగా, ఈ వేగంతో, ఇన్ని నిమిషాలు పోతే ఫలానా చోట ఉంటాం అని లెక్క వేసుకుంటూ పోవడమే. మధ్యలో ఏదో ఒక ఊరో నదో కంటపడితే లెక్క సరిపోయిందని ధైర్యం. నేల కనపడకపోతే లెక్క ఒక్కటే మిగులుతుంది.

ఏటీ-6 తీరుబడిగా పోతే గంటకి 145 మైళ్లు. టెరెల్ నుంచి మోయర్స్ గీత మీద 115 మైళ్ల చిల్లర. అంటే లేచిన ముప్పావు గంటకి అక్కడున్నారు.

రెడ్ రివర్ దాటగానే మట్టి రంగు మారింది. వంతెన కింద నది పేరుకి తగ్గట్టే ఎర్రగా, చిక్కటి చాయలా పారుతోంది. హ్యూగో అనే ఊరి దగ్గర కారాపి పులిహోర తిన్నాం. సర్కస్ కంపెనీలు చలికాలం వచ్చి తలదాచుకునే ఊరట అది. ఆ తర్వాత ఆంట్లర్స్. అంటే దుప్పి కొమ్ములు. పెట్రోలు బంకులో గోడ నిండా అవే.

ఆంట్లర్స్‌ది ఒక కథ. 1945 ఏప్రిల్ 12న పెద్ద సుడిగాలి ఈ ఊరిని ఊడ్చేసింది, 60 మందికి పైగా పోయారు. అదే రోజు ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కన్నుమూశారు. ఇక ఆంట్లర్స్ సంగతి దేశానికి ఎవరు చెప్పాలి? ఆ నలుగురు కుర్రాళ్లదీ అదే వరస. వాళ్లు పోయిన 1943 ఫిబ్రవరి మొదట్లోనే స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు లొంగిపోయారు. సరిగ్గా వాళ్లు పోయిన వారమే ట్యునీషియాలో కాసరీన్ కనుమ దగ్గర అమెరికన్ సైన్యం వెనక్కి తగ్గుతోంది. యుద్ధంలో పోయినవాళ్లని లెక్కపెట్టే తీరిక ఉన్నవాళ్లకి, యుద్ధం నేర్చుకుంటూ పోయినవాళ్లు ఏ పద్దులోనూ సరిగ్గా ఇమడరు. ఆ యుద్ధ కాలంలో అమెరికా గడ్డ మీద విమాన ప్రమాదాల్లోనే అక్కడి సైనిక వైమానికులు దాదాపు 15 వేల మంది చనిపోయారు. ఎదుట శత్రువు లేడు. కొత్త చెయ్యి, తొందర, వాతావరణం.

ఆంట్లర్స్ దాటాక రోడ్డు కయమిషీ నది పక్కకి చేరింది. చెట్లు మారాయి, పైన్ చెట్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. ఇదంతా చోక్టా జాతివాళ్ల నేల. ఓక్లహోమా అన్న పేరు వాళ్ల మాటే, ఎర్ర మనుషులు అని. మోయర్స్ అంటే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఇళ్లు, అంతే. ఊరి ఉత్తరాన కొండ ఉండాలి. పేరు బిగ్ మౌంటెన్. పెద్దకొండ.

పెద్దకొండ కనపడలేదు. ఉన్నట్టు తెలుస్తోంది. చెట్లు పైకి పోతూ పోతూ ఒక చోట తెల్లగా ఆగిపోయాయి, ఎవరో రబ్బరు పెట్టి చెరిపేసినట్టు. ఆ గీత కింద ప్రతి కొమ్మా స్పష్టంగా ఉంది. ఆ గీత పైన ఏమీ లేదు.

దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి తడిగాలి వస్తుంది. పళ్లెం లాంటి నేల మీద అది మబ్బుగా పైన వేలాడుతూ వచ్చేస్తుంది. మొదటిసారి కొండ అడ్డు తగిలేది ఇక్కడే. గాలి కొండ వాలు ఎక్కుతుంది, చల్లబడుతుంది, తడి మబ్బై కొండకి అతుక్కుపోతుంది. వానాకాలంలో అనంతగిరి ఘాట్ ఎక్కినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మన మన్యం కొండల ముందు ఇవి గుట్టలు. పాడేరు పిల్లాడికి చూపిస్తే నవ్వుతాడు. కానీ గుట్ట చాలు. హెలికాప్టరు కూలిన పావురాలగుట్ట మనకి తెలుసు.

145 మైళ్ల వేగం అంటే సెకనుకి 65 మీటర్లు. మబ్బు పలచబడి 400 మీటర్ల దూరంలో పైన్ చెట్లు కనపడ్డాయనుకుందాం. కళ్లు నమ్మడానికి, నోరు తెరవడానికి, చెయ్యి కదపడానికి, విమానం పైకి లేవడానికి అన్నిటికీ కలిపి ఆరు సెకన్లు. ఒక విమానం బిగ్ మౌంటెన్‌కి తగిలింది. ఇంకోటి అదే కొండల్లో వేరే చోట. నలుగురూ పోయారు. అందరినీ టెరెల్ తీసుకెళ్లి ఆ నల్లరేగడిలో పెట్టారు.

57 ఏళ్ల తరవాత, సరిగ్గా అదే తేదీన, 2000 ఫిబ్రవరి 20న ఇక్కడ వాళ్ల పేరిట స్మారక శిల నిలబెట్టారు. దాని వెనక ఉన్నది పక్కనున్న రాటన్ ఊరి బడిపిల్లలు. వాళ్లే పాత సంగతి తవ్వి, పెద్దవాళ్లని కదిలించారు. నేను చూడాలనుకున్నది ఆ రాయినే.

తారు రోడ్డు దిగి కంకర దారి పట్టాం. ఫోన్‌లో దారి చెప్పే అమ్మాయి కాసేపు తడబడి నోరు మూసుకుంది. నీలి చుక్క తెరమీద ఆకుపచ్చ మధ్యలో నిలబడిపోయింది. ఊరు లేదు, దారి లేదు, పేరు లేదు. అల్లుడు గేరు తగ్గించి పోనిస్తున్నాడు. ఒక మలుపు ఎక్కేసరికి ముందున్న చెట్లు మాయమయ్యాయి. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా అన్యాయం, ఎదురుగా తెల్ల గోడ. ఆర్పేశాడు. కిటికీ దించాను. చెట్ల మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఎదురుగా మెల్లగా రెండు దీపాలొచ్చాయి. ట్రక్కు. టోపీ పెట్టుకున్న పెద్దాయన పక్కన ఆపి అద్దం దించాడు. పైకి ఎందుకు పోతున్నారని అడిగాడు. అల్లుడు చెప్పాడు. ఆయన మా కారు చక్రాలని చూశాడు, ఆ తరవాత నన్ను చూశాడు.

"ఆ కుర్రాళ్ల కోసమా? ఎక్కణ్ణుంచి వచ్చారు మీరు?"

"ఇండియా" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. పైన వాన నీళ్లకి దారి కోసుకుపోయిందనీ, ఇలాంటి బళ్లు ఎక్కవనీ, మబ్బు తీశాక రమ్మనీ చెప్పి, కుడి చేత్తో టోపీ అంచు ముట్టుకుని దిగిపోయాడు.

మేమిద్దరం కాసేపు అలాగే కూర్చున్నాం. ఇంత దూరం వచ్చాక ఇంకో మైలు పోయి చూద్దామని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనుంటే అల్లుడు కాదనేవాడు కాదు, పెద్దవాణ్ణి కదా. ఆ విమానంలో ముందు సీటు కుర్రాడు వెనక సీటు కుర్రాడితో ఏమని ఉంటాడు? తిప్పేద్దామని ఎవరో ఒకరికి అనిపించే ఉంటుంది. ఆ వయసులో ముందు ఆ మాట అనేదెవరు?

"తిప్పేయ్ బాబూ" అన్నాను.

ఆ ఇరుకు దారిలో కారు తిప్పడానికి ఏడెనిమిది సార్లు ముందుకీ వెనక్కీ పోవాల్సొచ్చింది. ఒకసారి వెనక చక్రం గట్టు దాకా పోయింది, నేను దిగి చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. చెప్పుల నిండా బురద.

ఆంట్లర్స్‌లో టీ తాగుతుండగా ఎండొచ్చింది. టెక్సస్ వైపు నుంచి మబ్బు చాపలా చుట్టుకుంటూ పోయింది. బయటికొచ్చి ఉత్తరం వైపు చూస్తే చెట్లతో నిండిన నీలిరంగు వరస ఒకటి, పొడుగ్గా, అంత ఎత్తేమీ లేకుండా.

"అదేనా మామయ్యా?"

"అక్కడే ఎక్కడో."

"ఇంతేనా?"

అల్లుడు ఫోన్‌తో ఫొటో తీశాడు. తెరమీద కొండ ఇంకా చిన్నగా, కరెంటు తీగ కింద ఒక గీతలా పడింది. ఇంకోసారి తీశాడు. ఇంతలో అమ్మాయి ఫోను. టెరెల్ ఎంతసేపు చూస్తారు, మధ్యాహ్నం రెండవుతోంది, పులిహోర తిన్నారా లేదా అని. అల్లుడు నావైపు చూశాడు. తిన్నామని చెప్పమన్నాను.